పట్టూ విడుపూ

రాత్రి ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే దిండుకి ఆనిన చెవిలో గుండె చప్పుడు వినిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ వింటున్నదే, కొత్తేమీ కాదు. ఈ మధ్య మాత్రం నా ధ్యాస చప్పుడు మీద నిలవడం లేదు. చప్పుడుకీ చప్పుడుకీ నడుమనున్న ఎడం మీదికి పోతోంది. రెండు చప్పుళ్ళు వెంటవెంటనే వస్తాయి, తర్వాత కాస్త నిదానం. మళ్ళీ రెండు, మళ్ళీ నిదానం. ఆ నిదానంలో గుండె ఏం చేస్తున్నట్టు? నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకి ఒక్కో విడతకి పట్టే కాలం 0.8 సెకను. అందులో బిగుసుకోవడానికి 0.3 సెకను పోతే, మిగతా 0.5 సెకనూ సడలి ఉండటానికే. ఆ లెక్కన రోజుకి పదిహేను గంటలు మన గుండె సడలే ఉంటుంది. ఆ వేళే రక్తం లోపలికి వచ్చి నిండుతుంది. గుండె తన కండకి తాను రక్తం పట్టించుకునేది కూడా చాలావరకు అప్పుడే. గుండె బలమంటే బిగుసుకునే బలమేనని అందరం అనుకుంటాం. సరిగా సడలలేని గుండె ఎంత గట్టిగా బిగుసుకుంటే మాత్రం ఏం లాభం? లోపలికి వచ్చిన రక్తమే తక్కువైతే బయటికి పంపేదేముంది?

ఈ ఆలోచన నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం మా బాబాయి. నాన్నకి స్వయానా తమ్ముడు. సన్నటి మనిషి, బీడీ చుట్టా ఎరగడు. పొద్దున్నే పొలం చుట్టి వస్తే గాని కాఫీ తాగేవాడు కాదు. నలభై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు. కుప్ప వేసే రోజుల్లో ఒక మధ్యాహ్నం వరి మోపు ఎత్తి పక్కమనిషి నెత్తిన పెట్టి, చేతులు దులుపుకోబోతూ అక్కడే కూలబడ్డాడు. మంచినీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. ఊళ్ళో కొందరు దిష్టి అన్నారు, కొందరు వడదెబ్బ అన్నారు, మందులిచ్చే ఆయన వచ్చి చెయ్యి పట్టుకు చూసి గుండెపోటు అన్నాడు. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు మా తాతయ్య కూడా బావి దగ్గర మోటు తోలుతూ అలాగే ఉన్నట్టుండి పోయాడట. అప్పటి నుంచీ నాన్న నోట ఒకటే మాట: “మా వంశంలోనే ఉందమ్మా.”

ఆ మాట మా ఇంటికి చాలా ఉపకారం చేసింది. ఆ పూట అన్నం పెట్టకుండా పొలానికి పంపిందని పిన్నిని ఆడిపోసుకున్నవాళ్ళ నోళ్ళు ఆ మాటతోనే మూతపడ్డాయి. ఎవరి తప్పూ లేదు, నెత్తుటిలో ఉన్నది నెత్తుటిలోనే బయటపడింది, అంతే. కానీ ఆ మాటతో పాటు ఇంకొకటి కూడా మూతపడింది. అసలు ఏముంది మా వంశంలో? ఎక్కడుంది? ఎవరికుంది, ఎవరికి లేదు? ఆ ప్రశ్న తర్వాత ఎవరూ అడగలేదు. పోస్టుమార్టం ఊసే ఎత్తలేదు. ఎత్తిన వాణ్ణి ఊరు బతకనిచ్చేదా? బాబాయి గుండె ఎలా ఉందో చూసిన కన్ను ఒక్కటీ లేదు.

బాబాయి కొడుకు, మా తమ్ముడు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగంతస్తులు గబగబా ఎక్కితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయని మాటల్లో అన్నాడు. నేనే బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఎకో తీసే గదిలో దీపాలు తగ్గించి ఉన్నాయి. తమ్ముణ్ణి ఎడమ పక్కకి తిరిగి పడుకోమని, ఛాతీ మీద చల్లటి జెల్ రాసి, పక్కటెముకల సందున ప్రోబ్ ఆనించింది ఎకో తీసే అమ్మాయి. తెర మీద బూడిద రంగులో గుండె. కవాటం రెక్కలు తెరుచుకోవడం, మూసుకోవడం, గోడలు లోపలికి రావడం, వెనక్కి పోవడం. “ఊపిరి బిగబట్టండి సర్. ఆఁ, వదలండి” అంటూ బొమ్మని ఆపి, రెండు గదుల మధ్య గోడకి ఈ అంచున ఒక చుక్క, ఆ అంచున ఒక చుక్క పెట్టింది. మధ్య చుక్కల గీత వచ్చింది. పక్కన అంకె: 13 మిల్లీమీటర్లు. మళ్ళీ కొలిచింది, అదే. డాక్టరుగారు ఓపిగ్గానే చెప్పారు. గోడ మందం 12 లోపు ఉంటే దిగుల్లేదు. 15 గాని, పైన గాని ఉండి, దానికి బీపీ లాంటి వేరే కారణం కనపడకపోతే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. గుండె కండ ఊరికే మందమెక్కే జబ్బు. అయిదు వందల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 13 అంటే నడుమ. ఇంట్లో దగ్గరి రక్తసంబంధీకులకి ఈ జబ్బున్నట్టు రుజువైతే 13 కూడా జబ్బు కిందికే వస్తుంది. రుజువు ఉందా అని అడిగారు. తమ్ముడు నా వైపు చూశాడు. వంశంలో ఉందన్న మాట తప్ప మా దగ్గర ఇంకేముంది?

జన్యు పరీక్ష రాయించారు. కొన్ని వారాలకి వచ్చిన రిపోర్టులో ఒక జన్యువు పేరు ఉంది. ఎమ్‌వైబీపీసీ3. పదకొండో క్రోమోజోమ్ మీద ఉంటుంది. తమ్ముడి దగ్గరున్న రెండు ప్రతుల్లో ఒకదాంట్లో 25 డీఎన్ఏ అక్షరాలు లేవు. ఆ రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు. “అక్కా, ఏడు రెట్లు ప్రమాదం అని ఉందే. మన దేశంలో వచ్చిన పరిశోధనేనట. నాన్నకి కూడా ఇదే అయ్యుంటుంది కదా?” గొంతులో భయంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. ఇన్నాళ్ళకి కారణం దొరికిందన్న నిమ్మళం. ఆ నిమ్మళాన్ని చూసే నాకు ఎక్కువ భయం వేసింది. ఆ మర్నాటి నుంచి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను.

గుండె కండలో రెండు రకాల పోగులు ఒకదాని నడుమకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. సన్నటివి ఆక్టిన్, మందమైనవి మయోసిన్. మయోసిన్ పోగు పొడవునా వందల కొద్దీ తలలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కో తలా ఆక్టిన్‌ని పట్టుకుని, లాగి, వదిలి, కాస్త ముందుకి మళ్ళీ పట్టుకుంటుంది. కోట్ల తలలు ఒక్క పెట్టున ఇలా లాగితే అది ఒక్క కొట్టుకోవడం. చదువుతుంటే నాకు మంగళగిరి తిరునాళ్ళలో రథం లాగడం కళ్ళ ముందు ఆడింది. మోకు పట్టిన వేల చేతులు. పట్టు వదిలి ముందుకి జరిగి మళ్ళీ పట్టందుకుంటేనే రథం కదిలేది. అన్ని చేతులున్నా రథాన్ని క్షేమంగా నడిపించేది మాత్రం మోకు పట్టినవాళ్ళు కాదు. చక్రాల పక్కనే నడుస్తూ, చెక్క దిమ్మలు చేత పట్టుకుని, వేగం మించితే చక్రం కిందికి తోసి, మళ్ళీ లాగేసే ఆ నలుగురైదుగురు. జనం చూపంతా మోకు మీదా కలశం మీదా ఉంటుంది. వాళ్ళని ఎవరూ చూడరు. వాళ్ళ చెయ్యి ఒక్క క్షణం తడబడితే ఏమవుతుందో మాత్రం రథం లాగే ఊళ్ళన్నిటికీ తెలుసు. గుండె కండలో ఆ దిమ్మ పట్టుకున్న మనిషి పేరు కార్డియాక్ మయోసిన్ బైండింగ్ ప్రొటీన్-సి. ఎమ్‌వైబీపీసీ3 జన్యువు తయారు చేయించేది దాన్నే.

1274 అమైనో ఆమ్లాలు వరస కట్టిన పొడవాటి ప్రొటీన్ అది. మయోసిన్ పోగు నడిమికి అటొక సగం, ఇటొక సగం అనుకుంటే, ఒక్కో సగంలో 43 నానోమీటర్ల ఎడంతో ఏడు నుంచి తొమ్మిది వరసల్లో మాత్రమే ఉంటుంది, పోగంతా ఉండదు. తోక మయోసిన్ పోగుని పట్టుకుని ఉంటుంది. తల వైపు భాగం ఆక్టిన్ దాకా సాగుతుంది. మనం కుదురుగా కూర్చున్నప్పుడు కొన్ని మయోసిన్ తలల్ని వెనక్కి ముడిచి పట్టి, పనిలోకి పోకుండా ఆపుతుంది. భయపడినా, పరుగెత్తినా ఒంట్లో అడ్రినలిన్ ఉరుకుతుంది. అప్పుడు ఈ ప్రొటీన్‌కి ఫాస్ఫేట్లు వచ్చి అతుక్కుంటాయి. పట్టు సడలుతుంది, ఆగి ఉన్న తలలు పనిలోకి దిగుతాయి. గుండె గట్టిగా కొట్టుకుంటుంది, అంతకంటే ముఖ్యంగా, త్వరగా సడలుతుంది కూడా. వేగంగా కొట్టుకోవాల్సినప్పుడు నిండటానికి దొరికే కాలం తగ్గిపోతుంది కాబట్టి ఆ త్వరే ప్రాణాధారం. ఈ ప్రొటీన్ సగానికి సగం తక్కువైతే తలలు అవసరానికి మించి పట్టుకుని లాగుతాయి. శక్తి దండుగవుతుంది, సడలడం ఆలస్యమవుతుంది, ఏళ్ళ తరబడి గోడ మందమెక్కుతుంది. ఇంకో సంగతి చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. మయోసిన్ తల పట్టుకున్నదాన్ని వదలాలంటేనే ఏటీపీ కావాలి, అంటే ఒంట్లో శక్తికి నగదు లాంటిది. ప్రాణం పోయాక ఆ ఏటీపీ ఉండదు, తలలు వదల్లేవు, శరీరం కొయ్యబారుతుంది. చావు తర్వాతి బిగువు వదల్లేకపోవడం వల్ల వచ్చేదన్నమాట. పట్టుకోవడం తేలిక, వదలడానికే ఖర్చవుతుందని కండకి తెలిసినంతగా మనసుకి తెలుసా?

ఇంత పనిచేసే ప్రొటీన్ మొదట మలినంగా కనపడిందంటే నమ్మబుద్ధి కాదు. 1970ల మొదట్లో లండన్‌లో జెరాల్డ్ ఆఫర్, ఆయన సహచరులూ కుందేలు కండ నుంచి మయోసిన్ తీసి జెల్ మీద పరిగెత్తించి చూస్తున్నారు. శుద్ధం చేశామనుకున్న మయోసిన్‌లో అనవసరపు చారలు కొన్ని వచ్చాయి. వాటికి అక్షరాలు తగిలించారు. అందులో సి అనే చారని పారేయకుండా, అదేమిటో చూద్దామని వెంటపడ్డారు. 1973లో అది మయోసిన్ పోగులోనే ఉండే కొత్త ప్రొటీన్ అని తేల్చారు. ఇక జబ్బు సంగతి వేరే దారిలో నడిచింది. 1958లో లండన్‌లోనే డొనాల్డ్ టేర్ అనే పాథాలజిస్టు ఎనిమిది మంది యువకుల, యువతుల గుండెల్ని వర్ణించాడు. గుండె గోడ ఒకవైపే విపరీతంగా మందమెక్కి ఉంది. చాలామంది ఉన్నట్టుండి పోయినవాళ్ళే. ఈ రెండు దారులూ 1995లో కలిశాయి. సి ప్రొటీన్ జన్యువులో మార్పులున్న కుటుంబాల్లో ఈ జబ్బు తరతరాలుగా వస్తోందని రెండు బృందాలు ఒకేసారి చూపించాయి. టేర్ చేసిన పని గురించి చదువుతున్నప్పుడు నా మనసు వరి కుప్ప దగ్గరికే పోయింది. పోయినవాళ్ళ గుండెని ఒకాయన తెరిచి, జాగ్రత్తగా చూసి, రాసిపెట్టబట్టే కదా ఆ కుటుంబాల పిల్లలకి ఈరోజు జవాబులు దొరుకుతున్నాయి?

మా తమ్ముడు చూసి బెదిరిన పరిశోధన మన హైదరాబాదుదే. హబ్సిగూడలో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఉంది కదా, ఆ దారినే నేను ఎన్నిసార్లు బస్సులో పోయానో. అక్కడి తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులూ, మదురై నుంచి వచ్చిన ధండపాణీ కలిసి దేశంలో వందకి పైగా జనసముదాయాల వాళ్ళ డీఎన్ఏ చూశారు. ఆ ఫలితం 2009 మొదట్లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో అచ్చయింది. ఎమ్‌వైబీపీసీ3లో 25 అక్షరాలు లోపించినవాళ్ళు మన ఉపఖండంలో నూటికి నలుగురు. జబ్బున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపి దాదాపు 1,500 మందిని పోల్చితే, ఆ లోపం ఉన్నవాళ్ళకి గుండె కండ జబ్బుతో ఉన్న సంబంధం ఏడు రెట్లకి దగ్గరగా తేలింది. ఆ 25 అక్షరాలు పోయింది ప్రొటీన్‌గా మారే భాగంలో కాదు, నడుమ కత్తిరించి పారేసే ఇంట్రాన్ అనే భాగంలో. కానీ కత్తిరించే చోటు తెలుసుకోవడానికి ఆ అక్షరాలే గుర్తు. గుర్తు పోవడంతో పక్కనున్న అసలు ముక్క కూడా తెగి పడిపోతుంది, ప్రొటీన్ తోక మారిపోతుంది. మయోసిన్‌ని పట్టుకుని ఉండాల్సిన తోకే అది.

నూటికి నలుగురు. పాతిక మందికి ఒకరు. ఏభై మంది కూర్చున్న పల్లెవెలుగు బస్సులో ఇద్దరు. మా ఊరి రచ్చబండ దగ్గర, పెళ్ళి పందిట్లో, పరీక్ష హాల్లో ఎక్కడ చూసినా ఆ లెక్క వేయడం నాకు అలవాటైపోయింది. ఈ లోపం పుట్టి 33,000 సంవత్సరాలు అయ్యుంటుందని ఆ శాస్త్రజ్ఞులే అంచనా కట్టారు. ఈ నేల మీదే ఎక్కడో, వ్యవసాయం రాక ముందు, ఊళ్ళు పుట్టక ముందు, ఏ ఒక్కరికో ఆ పాతిక అక్షరాలు జారిపోయాయి. ఆ మనిషి ఆడో మగో తెలీదు. వేటాడి తిన్న మనిషి అయ్యుంటాడు, లేదా దుంపలు తవ్వుకున్న తల్లి అయ్యుంటుంది. తనకి ఏ తేడా తెలిసి ఉండదు. పిల్లల్ని కని, వాళ్ళు పెద్దవాళ్ళవడం చూసే ఉంటుంది. నష్టమేదైనా వస్తే నడివయసు దాటాకే వస్తుంది, ఆసరికి అక్షరాల లోపం పిల్లల్లోకి చేరిపోతుంది. పిల్లలు పుట్టాక వచ్చే చావుని ప్రకృతి పెద్దగా పట్టించుకోదు. అందుకే వెయ్యి తరాలకి పైగా ఎవరూ ఏరి పారేయకుండా కులాలనీ, భాషలనీ, కొండలనీ దాటుకుంటూ కోట్ల మందిలోకి వచ్చింది. వంశంలో ఉందని నాన్న అంటాడు. ఏ వంశంలో? ఇది ఉన్నవాళ్ళందరినీ ఒక్క వంశమనాలంటే ఇంటిపేరు ఏం పెట్టాలి?

ఇక్కడే నాకు లెక్క కుదరలేదు. పాతిక మందిలో ఒకరికి ఈ లోపం ఉంది. గోడ మందమెక్కే జబ్బు అయిదు వందల మందిలో ఒకరికి. లోపమే జబ్బుకి కారణమైతే మన ఊళ్ళల్లో ఇంటింటికీ ఇలాంటి చావులు ఉండాలి కదా? ఉన్నవాళ్ళలో అత్యధికులు ముసలితనం దాకా హాయిగా ఎలా బతుకుతున్నారు? ఈ అనుమానం శాస్త్రజ్ఞులకీ వచ్చింది. 2018లో అమెరికాలో స్థిరపడ్డ దక్షిణాసియా వాళ్ళని పరీక్షించినవాళ్ళు, ఈ లోపం ఉన్నవాళ్ళలో కొద్దిమందికే అదే జన్యువులో రెండో మార్పు ఒకటి కూడా ఉందనీ, గుండె పనిలో తేడా వాళ్ళలోనే కనపడుతోందనీ చూశారు. 2020లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఇంకా లోతుకి వెళ్ళింది. 25 అక్షరాల లోపం ఉన్న డీఎన్ఏ దారం మీదే, అదే జన్యువులో ఇంకొంచెం దూరాన, ఒకే ఒక్క అక్షరం మారిన మనుషులు కొందరున్నారు. హైపర్‌ట్రోఫిక్ జబ్బు తెచ్చేది ఆ ఒక్క అక్షరమే. 25 అక్షరాల లోపం దాని పక్కన తరతరాలుగా కలిసి ప్రయాణం చేస్తోంది, అంతే. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ జబ్బుకి అది కారణం కాదని వాళ్ళు తేల్చారు.

ఈ సంగతి చదివాక 2009 నాటి పరిశోధన మీద నాకు గౌరవం తగ్గలేదు, పెరిగింది. వాళ్ళు ఆ పాతిక అక్షరాలని పట్టుకోకపోతే ఆ పక్కనున్న ఒక్క అక్షరం వైపు ఎవరు చూసేవాళ్ళు? నన్ను కలవరపెట్టేది వేరే. పదకొండేళ్ళ పాటు, ఆరోగ్యంగా ఉన్న ఎంతమంది తమ రిపోర్టులో ఆ పాతిక అక్షరాలు చూసుకుని నిద్ర మానేశారో. ఏ పత్రికలోనో ఏడు రెట్లు అన్న అంకె చదివి, మెట్లెక్కడం మానేసి, పిల్లల మొహాలు చూసి కళ్ళు తుడుచుకున్నారో. అనుమానం తొలగిన వార్త వాళ్ళందరికీ చేరిందా? మొదటి వార్త చేరినంత దూరం రెండోది ఎందుకు చేరదు? తమ్ముడికి అదంతా వివరంగా చెప్పాను. రిపోర్టులో ఆ ఒక్క అక్షరం మార్పు ఉందో లేదో డాక్టరుగారిని మళ్ళీ అడిగి చూపించుకున్నాం. లేదు. “అయితే మరి 13 ఎందుకుంది? నాన్న ఎందుకు పోయాడు?” అన్నాడు. ఆ రెంటికీ నా దగ్గర జవాబు లేదు. కారణం చేతికి దొరికి జారిపోతే, అసలు దొరకనప్పటి కంటే ఎక్కువ బాధ అని ఆరోజు వాడి మొహం చూస్తే తెలిసింది.

మేనరికాల గురించి కూడా ఆలోచించకుండా ఉండలేకపోయాను. పిన్ని బాబాయికి స్వయానా మేనమామ కూతురు. మా అమ్మా నాన్నా అంతే. ఒకే తాత దగ్గర్నుంచి వచ్చిన ఒకే లోపం అటు నుంచీ ఇటు నుంచీ కలిసి బిడ్డలో రెండు ప్రతులూ అలాంటివే కావడానికి మేనరికంలో అవకాశం పెరుగుతుంది. రెండు ప్రతులూ అలాంటివైతే గుండెకి గండం ఎక్కువని 2009లోనే అన్నారు. తమ్ముడికి ఒక ప్రతి మంచిదే ఉంది, అదొక ఊరట. మేనరికాన్ని తిట్టిపోయడం నాకు చేతకాదు. మా అమ్మమ్మ తన కూతుర్ని ఆడపడుచు ఇంటికి పంపి, మా పిల్ల మన గుమ్మంలోనే ఉందని ఎంత నిశ్చింతగా పోయిందో నాకు తెలుసు. కానీ ఆ నిశ్చింతలో నెత్తుటి లెక్క ఒకటి ఉందని తెలిశాక చెప్పకుండా ఊరుకోవడం కూడా ప్రేమ కాదు.

ఈ జన్యువే 2017లో ప్రపంచమంతటా వార్త అయింది. అమెరికాలో ఆరెగన్‌లో షౌఖ్రత్ మితాలిపోవ్ బృందం, ఎమ్‌వైబీపీసీ3లో నాలుగు అక్షరాలు లోపించిన ఒక వ్యక్తి వీర్యంతో పిండాలు తయారుచేసి, క్రిస్పర్ అనే జన్యువుల కత్తెరతో ఆ లోపాన్ని సరిచేయబోయింది. 58 పిండాల్లో 42 లోపం లేకుండా వచ్చాయని ప్రకటించారు. సగం ఎలాగూ లోపం లేకుండానే వచ్చేవి. పిండాలని ఎవరి గర్భంలోనూ పెట్టలేదు. నిజంగా సరిదిద్దారా, లేక లోపమున్న ముక్కే పూర్తిగా పోయిందా అని తోటి శాస్త్రజ్ఞులు వాదించారు. ఆ వార్త వచ్చిన రోజుల్లో నేను పట్టించుకోలేదు. ఇప్పుడు చదివితే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఇంటికి ఇంటిని ఖాళీ చేసే మార్పు కొన్ని కుటుంబాల్లో నిజంగానే ఉంది. నెదర్లాండ్స్‌లో, ఐస్‌లాండ్‌లో ఇదే జన్యువులో ఒక్కో పూర్వీకుడి నుంచి వచ్చిన ఒక్కో మార్పు వందల మందికి పాకింది. ఆఖరికి మెయిన్ కూన్ జాతి పిల్లులకి కూడా ఇదే జన్యువులో ఒక అక్షరం మారి ఇదే జబ్బు వస్తోంది. అలాంటి ఇంట్లో తల్లికి తన బిడ్డ మీద కత్తిరించి అతికించే హక్కు లేదని నేను ఏ మొహంతో అంటాను? అదే సమయంలో, 2009లో పాతిక అక్షరాల మీద పడ్డ నేరం 2020కి పక్కదాని మీదికి మారింది కదా. నడుమ పదకొండేళ్ళలో ఈ కత్తెర అందరి చేతికీ అంది ఉంటే, ఏ పాపం ఎరగని ఆ పాతిక అక్షరాల లోపాన్ని ఎన్ని పిండాల్లో సరిదిద్దడానికి పూనుకునేవాళ్ళమో. ఆ తొందర మాత్రం నాకు భయం.

నాకు కావలసింది అంత పెద్ద పని కాదు. ఎకో ఒకటి, ఈసీజీ ఒకటి. జిల్లా కేంద్రంలో కూడా తీస్తారు. ఇలాంటి చావు చూసిన ఇంట్లో తోబుట్టువులూ పిల్లలూ ఒకసారి తీయించుకుని, కొన్నేళ్ళకోసారి మళ్ళీ చూపించుకుంటే, గోడ మందమెక్కడం కనపడిన వాళ్ళకి చేయగలిగింది ఇప్పుడు చాలా ఉంది. గుండెకి నిండే వ్యవధి ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఖరీదు కూడా ఎక్కువ కాదు. మయోసిన్ తలల దూకుడునే నేరుగా తగ్గించే మావకామ్‌టెన్ అనే మందుకి 2022లో అమెరికా అనుమతి ఇచ్చింది. సి ప్రొటీన్ చేయాల్సిన పనికి దగ్గరి పనే ఆ మందు చేస్తుంది. మరీ ప్రమాదంలో ఉన్నవాళ్ళకి ఛాతీలో చిన్న పరికరం అమర్చి, లయ తప్పిన గుండెని దారికి తెస్తారు. బాబాయికి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికి తెలుసు?

తమ్ముడికి ఏడాదికోసారి ఎకో తీయించుకోమన్నారు, వాడు సరేనన్నాడు. గొడవ వాడితో కాదు, పిన్ని కూతురు, మా చెల్లి దగ్గర వచ్చింది. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. నేను ఎకో మాట ఎత్తగానే పిన్ని లేచి వీధి తలుపు వేసి వచ్చింది. “నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలీదా? గుండె పరీక్ష చేయించారట అని ఒక్కళ్ళకి తెలిస్తే చాలు. దాని పెళ్ళయ్యాక వాళ్ళాయన చేయిస్తాడులే.” పిన్ని అలా అనడంలో నాకు మూర్ఖత్వం కనపడలేదు. ఆవిడ ముప్ఫై ఏళ్ళ వయసులో ఒక్క పూటలో ఇద్దరు పిల్లలతో మిగిలిపోయిన మనిషి. ఆ పిల్లలకి చోటు చూసే దాకా ఊపిరి తీసుకోనని ఆవిడ నిర్ణయించుకుంది. అయినా వదల్లేదు నేను. పెళ్ళయ్యాక నెలలు నిండుతుంటే గుండె మీద భారం ఎంత పెరుగుతుందో చెప్పాను. అమ్మాయి గుండె నిక్షేపంగా ఉందన్న కాగితం చేతిలో ఉంటే ఎవరి మాటకీ జడవక్కర్లేదని చెప్పాను. రిపోర్టులో ఏమైనా ఉంటే పెళ్ళికి ముందు తెలియడమే మేలని చెప్పాను. పిన్ని మాట్లాడకుండా వింది. చెల్లి వంటింటి గుమ్మంలో నిలబడి, “నేను చేయించుకుంటాను అక్కా, అమ్మ సంగతి నేను చూసుకుంటాను” అంది.

నాన్నకి డెబ్భై దాటాయి. బాబాయికి స్వయానా అన్న, తాతయ్యకి స్వయానా కొడుకు. డాక్టరుగారు అడిగిన దగ్గరి రక్తసంబంధీకుల్లో బతికున్న పెద్దవాడు ఆయనే. ఇంతవరకు ఆయన గుండె గోడ మందం ఎవరూ కొలవలేదు. తమ్ముడి అంకెకి అర్థం చెప్పగలిగింది ఎవరైనా ఉంటే అది ఆయన ఎకోయే. మా వంశంలో ఉందని ఇన్నేళ్ళు అంటూ వచ్చావు కదా నాన్నా, ఏముందో చూద్దాం పద అన్నాను. ఈ వయసులో నాకెందుకమ్మా అన్నాడు. నీకోసం కాదు, పిల్లల కోసం అన్నాను. వచ్చే సోమవారం చెల్లికీ ఆయనకీ కలిపి పొద్దున పదింటికి టోకెన్ తీసుకున్నాను.